కుక్కలతో వేట, కమిటీ గది, గ్రామసభ: మన శాసనసభ్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభాపతులకు, మండలి అధ్యక్షులకు, ఉభయ సభల సభ్యులందరికీ నమస్కారం.

పల్లె బతుకును నేరుగా తాకే బిల్లు ఏది మీ ముందుకు వచ్చినా, ఓటింగుకు ముందు దాన్ని కమిటీకి పంపండి. ఆ కమిటీ తలుపులు తెరిచి ఉంచండి. పంట పోయిన రైతును, అడవిలో తిరిగే గిరిజనుణ్ని, అటవీ శాఖ బీటు అధికారిని, జంతువుల తరఫున మాట్లాడేవారిని పిలిచి, కూర్చోబెట్టి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయించండి. నేను అడగదలచింది ఇదే. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే, స్కాట్లండ్‌లో కుక్కలతో వేట మీద 2000లో మొదలై 2023 దాకా సాగిన వాదన గురించి మీకు చెప్పాలి.

మాది నల్గొండ జిల్లా. కొన్నేళ్లుగా స్కాట్లండ్ దక్షిణాన, ఇంగ్లండ్ సరిహద్దుకు దగ్గర్లో, మనుషుల కన్నా గొర్రెలే ఎక్కువగా కనిపించే ఊళ్ల మధ్య ఉంటున్నాను. ఏప్రిల్ వచ్చిందంటే ఇక్కడి కొండ పొలాల్లో గొర్రెలు ఈనుతాయి. ఆ కొద్ది వారాలూ రైతు ఇంట్లో నిద్ర ఉండదు. రాత్రి టార్చి పట్టుకుని మంద చుట్టూ తిరుగుతారు. తడిసిన పిల్లను గడ్డితో రుద్ది, తల్లి దగ్గరికి చేర్చి, అది పాలు తాగేదాకా కదలరు. తెల్లవారి చూస్తే ఆ పిల్లే కంచె పక్కన తోక, చెవులు కొరికేసి పడి ఉంటుంది. నక్క పని. ఆ పూట రైతు ముఖంలో కనిపించే కోపం నాకు కొత్త కాదు. అడవి పందులు మొక్కజొన్న చేనును తొక్కి పడేసిన ఉదయాల్లో మా ఊళ్లోనూ అదే కోపం చూశాను. ఇంకోవైపు, పరుగెత్తి పరుగెత్తి సత్తువ చచ్చిన నక్కను కుక్కల గుంపు చీలుస్తుంటే దాన్ని ఆటగా, ఆచారంగా చెప్పుకోవడం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. రైతు నష్టం నిజం, జంతువు పడే బాధ నిజం. రెండింటినీ ఒకే బల్ల ముందుకు తేవడం చట్టసభ చేయాల్సిన పని.

ఇక్కడి నక్కల వేట ఒకే రకం కాదు. మనకు తెలిసింది గుర్రాల మీద ఎర్ర కోట్ల వేట. ముందు కుక్కల దండు, వెనక గుర్రాలు, ఆ వెనక చూడటానికి వచ్చిన జనం. రెండోది కొండ ప్రాంతాల్లో కాలినడకన సాగేది. ప్రభుత్వమూ ప్రైవేటు యజమానులూ నాటించిన దేవదారు జాతి చెట్ల తోటలు కొండల నిండా ఉన్నాయి. పగటిపూట కూడా లోపల చీకటిగా ఉంటుంది, మనిషి వంగి తప్ప నడవలేడు. రైతులు పిలిస్తే వేటకుక్కల దండును తీసుకొచ్చి ఆ తోటలోకి వదులుతారు. తోట చుట్టూ తుపాకులు పట్టుకున్నవాళ్లు దూరదూరంగా నిలబడతారు. నక్క బయటికి రాగానే కాల్చేయాలి. మొదటిది చాలామందికి వేడుక, రెండోది రైతుకు అవసరం. ఈ రెండింటినీ ఒకే వాక్యంతో నిషేధించాలా, విడదీసి చూడాలా అన్న దగ్గరే గొడవంతా వచ్చింది.

స్కాట్లండ్ పార్లమెంటు 1999లో ఏర్పడింది. మొత్తం 129 మంది సభ్యులు. ఎగువ సభ లేదు. ఒక సభ తొందరపడితే ఆపడానికి రెండో సభ లేదు కాబట్టి, ఆ బాధ్యతను మొదటి నుంచీ కమిటీల మీద పెట్టారు. బిల్లుకు మూడు దశలు ఉంటాయి. తొలి దశలో సంబంధిత కమిటీ అందరి అభిప్రాయాలు కోరుతుంది, సాక్షులను పిలిచి ప్రశ్నిస్తుంది, బిల్లు ఉద్దేశం మంచిదో కాదో సభకు నివేదిక ఇస్తుంది. రెండో దశలో ఒక్కో సెక్షన్ తీసుకుని సవరణలు చర్చిస్తారు. మూడో దశలో మొత్తం సభ ముందుకు వస్తుంది. కమిటీ గదిలో ప్రజలకు కుర్చీలు ఉంటాయి, డబ్బు కట్టనక్కర్లేదు. అక్కడ పలికిన ప్రతి మాటా అధికారిక నివేదికగా అచ్చవుతుంది. సాక్షి ఏమన్నాడో, సభ్యుడు ఏం అడిగాడో, ఎవరు జవాబు దాటవేశారో పదేళ్ల తర్వాత కూడా చదువుకోవచ్చు.

గ్లాస్గో నుంచి ఎన్నికైన లేబర్ సభ్యుడు మైక్ వాట్సన్ 2000 మార్చిలో కుక్కలతో వేటను నిషేధించే బిల్లు పెట్టారు. అది ప్రభుత్వ బిల్లు కాదు, సభ్యుడి సొంత బిల్లు. గ్రామీణ వ్యవహారాల కమిటీ దాన్ని నెలల తరబడి పరిశీలించింది. 2001లో ఇచ్చిన నివేదికలో, ఈ రూపంలో ఇది తన లక్ష్యాన్ని నెరవేర్చదని, సభ దీన్ని ఆమోదించవద్దని చెప్పింది. సభ ఆ మాట పక్కన పెట్టి, అదే సంవత్సరం సెప్టెంబరులో పెద్ద మెజారిటీతో బిల్లు ఉద్దేశాన్ని ఆమోదించింది. 2002 ఫిబ్రవరి 13న 83 మంది అనుకూలంగా, 36 మంది వ్యతిరేకంగా ఓటు వేయగా అది చట్టమైంది. బ్రిటన్‌లో కుక్కలతో వేట మీద వచ్చిన తొలి నిషేధం ఇదే. ఇంగ్లండ్, వేల్స్‌లలో చట్టం 2004లో గానీ రాలేదు.

కమిటీ మాట వినకపోతే ఆకాశం ఊడిపడుతుందని నేను అనను. సభకు ఆ హక్కు ఉంది. కానీ ఆ కమిటీ ఎత్తి చూపిన అనుమానాలు ఎక్కడికీ పోలేదు. పొదల్లోంచి నక్కను బయటికి తరిమి తుపాకీతో కాల్చడానికి చట్టం మినహాయింపు ఇచ్చింది. ఎన్ని కుక్కలు వాడవచ్చో చెప్పలేదు. గుర్రాల వేట సంఘాలు మర్నాటి నుంచి తమను నక్కల నియంత్రణ సేవగా చెప్పుకున్నాయి. దండు అదే, గుర్రాలు అవే, పక్కన ఒకరిద్దరు తుపాకీవాళ్లు కొత్తగా చేరారు. పోలీసులు కేసు పెడితే, కుక్కలు నక్కను తరుముతున్నాయా, తుపాకీ వైపు తోలుతున్నాయా అన్నది కోర్టులో తేల్చడం గగనమయ్యేది. గుర్రాల వేటకు చెందిన ఒక వ్యక్తి మీద నడిచిన మొదటి కేసు 2004 డిసెంబరులో నిర్దోషి తీర్పుతో ముగిసింది. ఆ కోవలో శిక్ష పడటానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది. చట్టం పుస్తకంలో ఉంది, వేట పొలాల్లో ఉంది. పదిహేనేళ్లు రెండూ పక్కపక్కనే బతికాయి.

2015 చివర్లో ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి లార్డ్ బొనోమీకి సమీక్ష అప్పగించింది. ఆయన 2016 నవంబరులో ఇచ్చిన నివేదికను మన శాసనకర్తలు ఒక్కసారి చదివితే బాగుంటుంది. మినహాయింపు చాటున పాత పద్ధతి వేట కొన్నిచోట్ల సాగుతోందనడానికి ఆధారం ఉందన్నారు. చట్టంలోని భాష సరిచేయాలని, స్వతంత్ర పరిశీలకులు ఉండాలని సూచించారు. అదే నివేదికలో, రెండు కుక్కలకు మించి వాడకూడదని పరిమితి పెడితే కొండల్లో, దట్టమైన తోటల్లో నక్కల నియంత్రణ దెబ్బతింటుందని కూడా చెప్పారు. ఒక పక్షానికి మొత్తం తీపి, ఇంకో పక్షానికి మొత్తం చేదు పంచే నివేదిక కాదది. ఆధారం ఎటు లాగితే అటు వెళ్లింది. ప్రభుత్వం చివరకు రెండు కుక్కల పరిమితినే ఎంచుకుంది. కానీ కొండ రైతు చెప్పింది రికార్డులో ఉండిపోయింది కాబట్టి, దాన్ని పట్టించుకోకుండా కొత్త బిల్లు రాయడం ఎవరి వల్లా కాలేదు.

ఆ కొత్త బిల్లు 2022 ఫిబ్రవరిలో వచ్చింది. గ్రామీణ వ్యవహారాలు, ద్వీపాలు, సహజ పర్యావరణం చూసే కమిటీ ముందు రైతు సంఘం, వేటభూముల కాపలాదారుల సంఘం, జంతు సంక్షేమ సంస్థలు, పోలీసులు వరుసగా కూర్చున్నారు. ఆ చర్చల్లో నన్ను కట్టిపడేసినవి పెద్ద పెద్ద సిద్ధాంతాలు కావు, చిన్న చిన్న ప్రశ్నలు. తోటలోకి రెండే కుక్కలను వదిలితే నక్క లోపలే చుట్లు తిరుగుతుంది, బయటికి రాదు, అప్పుడేం చేయాలి? ఇద్దరు ముగ్గురు స్నేహితులు తలా ఒక కుక్కతో పక్షుల వేటకు వెళ్లారు, ఆ కుక్కలు కలిసి ఒక కుందేలు వెంట పడ్డాయి, వాళ్లు నేరస్తులా? అనుమతి పత్రం పేరుతో పాత తలుపే మళ్లీ తెరుచుకోదా? ప్రశ్న వేసిన సభ్యుడి పార్టీ ఏదైనా సరే, సాక్షి జవాబు చెప్పి తీరాలి. మంత్రి మయిరీ మెకాలన్ కూడా అదే కుర్చీలో కూర్చుని అవే ప్రశ్నలకు జవాబు చెప్పారు.

చివరికి తేలిన చట్టం ఇలా ఉంది. రెండు కుక్కలకు మించి వాడకూడదు. అంతకు మించి కావాలంటే నేచర్‌స్కాట్ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర అనుమతి తీసుకోవాలి, వేరే దారి లేదని చూపాలి. పశువులను కాపాడుకోవడానికి ఇచ్చే అనుమతి 14 రోజులకే. అయితే ఆ 14 రోజులూ ఏకబిగిన వాడేయనక్కర్లేదు, ఆరు నెలల వ్యవధిలో సర్దుకోవచ్చు. కొండల మీద వరుసగా పది రోజులు పొగమంచు పడితే ఏ కుక్కా ఏ తుపాకీ పనిచేయదని ఇక్కడ కాపురం చేసే ప్రతివాడికీ తెలుసు. అలాంటి ఊరి ఎరుక చట్టంలోని ఒక వాక్యంలోకి చేరడం చూస్తే నాకు నిజంగా సంతోషం కలిగింది. వాసన జాడ పరిచి దాని వెంట కుక్కల దండును పరుగెత్తించే ట్రెయిల్ హంటింగును కూడా నిషేధించారు, ఎందుకంటే ఇంగ్లండులో అది అసలు వేటకు ముసుగుగా మారిందన్న ఆరోపణ ఏళ్లుగా ఉంది. 2023 జనవరి 24న 90 మంది అవునన్నారు, 30 మంది కాదన్నారు. అదే అక్టోబరు 3 నుంచి అమలు.

అందరూ సంతోషంగా లేరు. మా చుట్టుపక్కల పాత వేట సంఘాలు కొన్ని మూతపడ్డాయి, వాటితో పాటు కుక్కల కాపరుల కొలువులూ పోయాయి. అనుమతి పద్ధతి గొర్రెల రైతులకు ఇప్పటికీ చిరాకే. జంతు ప్రేమికుల్లో కొందరికి ఆ అనుమతే ఉండకూడదు. కానీ నన్ను అడగలేదు, నా మాట వినలేదు అనే ఫిర్యాదు మాత్రం చాలా తక్కువగా వినిపిస్తుంది. ఓడిపోయినవాడికి కూడా తాను ఎక్కడ, ఏ వాదన మీద ఓడిపోయాడో తెలుసు. ఉత్తర ఐర్లండ్‌లో దీనికి పూర్తిగా వేరుగా జరిగింది. అక్కడ 2021 డిసెంబరులో ఇలాంటి బిల్లే వస్తే రెండో దశలోనే ఓడించారు. కమిటీ పరిశీలన ఆ తర్వాత వచ్చే దశ కాబట్టి, ఆ బిల్లు మీద సాక్షుల మాట వినే అవకాశమే రాలేదు. తగాదా అక్కడ ఇంకా తెగలేదు.

స్కాట్లండ్‌ను నెత్తిన పెట్టుకోమని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. ఈ దేశంలో ఒక పెద్ద లోటు ఉంది, అది మనకు తెలిసినంతగా వాళ్లకు తెలియదు. ఇక్కడ ఊరికి పాలన లేదు. పూర్వం ఉన్న పట్టణ మండళ్లను 1975లో తీసేశారు. 1996 నుంచి దేశం మొత్తానికి 32 కౌన్సిళ్లే. హైలాండ్ కౌన్సిల్ ఒక్కటే 25 వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా 19 వేలు. అంత నేలకు ఒకే ఒక్క కౌన్సిల్. ఊరి స్థాయిలో కమ్యూనిటీ కౌన్సిల్ అని ఒకటి ఉంటుంది గానీ, దానికి అభిప్రాయం చెప్పే హక్కే తప్ప నిర్ణయించే అధికారం లేదు, నిధులు నామమాత్రం. 2004లో స్థానిక పాలన చట్టం తెచ్చి కౌన్సిల్ ఎన్నికల్లో ప్రాధాన్య ఓటు పద్ధతి పెట్టారు. 2017లో స్థానిక పాలన సమీక్ష మొదలుపెట్టారు. స్థానిక స్వపరిపాలన మీద ఉన్న ఐరోపా ఒడంబడికను తమ చట్టంలో చేర్చుకుంటూ 2021 మార్చిలో సభ ఏకగ్రీవంగా బిల్లు ఆమోదిస్తే, అందులో కొంత భాగం స్కాట్లండ్ అధికార పరిధి దాటిందని అదే ఏడు అక్టోబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆపింది. ఊరికి అధికారం ఇవ్వాలన్న మాట ఇరవై ఏళ్లుగా నలుగుతూనే ఉంది. అందుకే వేట చట్టంలో కూడా అనుమతి ఇచ్చే చెయ్యి ఊరిది కాదు, ఒక దేశ స్థాయి సంస్థది. ఏ తోటలో ఏ నక్క తిరుగుతుందో తెలిసిన ఊరికి అందులో ఓటు లేదు. నా దృష్టిలో ఈ చట్టంలో బలహీనమైన చోటు అదే.

ఇప్పుడు మన సంగతి. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 నుంచి అమల్లో ఉంది. తెలంగాణలో 12,700కు పైగా గ్రామపంచాయతీలు, ఆంధ్రప్రదేశ్‌లో 13 వేలకు పైగా. గిరిజన ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఆచారాలను, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం ఇచ్చింది. ఈ దేశస్థులు ఇరవై ఏళ్లుగా వెతుకుతున్న ఊరి సభ మనకు రాజ్యాంగంలోనే ఉంది. వాళ్లకు వినే కమిటీ ఉంది, ఊరి సభ లేదు. మనకు ఊరి సభ ఉంది, వినే కమిటీ లేదు.

అడవి పందుల విషయమే తీసుకోండి. వేరుశనగ, మొక్కజొన్న, వరి వేసే ఏ ఊరికైనా వెళ్లండి. చేను చుట్టూ కర్రలు పాతి పాత చీరలు కట్టి ఉంటాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ఇంట్లో ఆడవాళ్లు కట్టి కట్టి వెలిసిపోయినవి. గాలికి ఊగితే మనిషి కదిలినట్టు అనిపించి పంది ఆగుతుందని ఆశ. క్షౌరశాల నుంచి జుట్టు తెచ్చి గట్ల మీద చల్లుతారు. రాత్రి మంచె మీద డబ్బా కొడుతూ కూర్చుంటారు. ఇవేవీ పనిచేయని చోట దొంగ కరెంటు తీగ వస్తుంది, ఉచ్చు వస్తుంది, నాటు బాంబు వస్తుంది, వేటకుక్కలు వస్తాయి. ఆ తీగకు పంది తగులుతుంది, చిరుతా తగులుతుంది, నీళ్లు కట్టడానికి వెళ్లిన పక్క చేను రైతూ తగులుతాడు. కుక్కలు పందిని చుట్టుముట్టి పట్టేలోపు ఆ కుక్కల పొట్టలు చీలతాయి, పంది ప్రాణం పోవడానికి చాలాసేపు పడుతుంది. రైతు కష్టాన్ని చూపించి ఆ హింసను సమర్థించలేం. హింసను చూపించి రైతు కష్టాన్ని కొట్టిపారేయలేం.

చట్టం ఏమంటుంది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికి ప్రమాదం తెచ్చే జంతువు విషయంలో ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ అనుమతి ఇవ్వవచ్చు. తెలంగాణలో 2021లో ఒక అడుగు ముందుకు వేసి, సర్పంచులకు గౌరవ వన్యప్రాణి సంరక్షకుల హోదా ఇచ్చి అడవి పందుల విషయంలో నిర్ణయాధికారం అప్పగించారు. 2022లో కేరళ కూడా స్థానిక సంస్థల అధ్యక్షులకు ఇలాంటి అధికారమే ఇచ్చింది. ఆలోచన మంచిదే, ఊరికి అధికారం ఇవ్వడమే సరైనది. కానీ తెలంగాణలో అది ఉత్తర్వుగా వచ్చింది, సభలో బిల్లుగా రాలేదు. ఎవరి సాక్ష్యమూ వినకుండా వచ్చింది. దాని ఫలితం ఏమిటో చూడండి. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిసింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా పల్లెలన్నీ ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. ఊళ్లు మారుమారు తిరిగే ఆ అధికారికి ఏ చేనులో పందులు పడ్డాయో ఎవరు చెప్పాలి, అనుమతి కోసం రైతు ఎవరి చుట్టూ తిరగాలి? సర్పంచు కుర్చీ ఖాళీ అయితే ఈ అధికారం ఎవరికి పోతుంది అని ఏదైనా కమిటీ గదిలో ఒక్క సభ్యుడు అడిగి ఉంటే, జవాబు ఉత్తర్వులోనే రాసుకునేవారు.

గిరిజనుల విషయం ఇంకా లోతైనది. నల్లమల చెంచుల ఇంట్లో కుక్క కాపలాకు మాత్రమే ఉండదు, అడవికి వెంట వెళ్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా గూడేల్లో ఇటుకల పండుగకు మగవాళ్లు కలిసి వేటకు బయలుదేరే ఆచారం ఉంది. అటవీ హక్కుల చట్టం ఇతర సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే, వేటాడే, ఉచ్చు పన్నే హక్కును 3వ సెక్షన్‌లో స్పష్టంగా మినహాయించింది. ఆ మినహాయింపును నేను తప్పుపట్టడం లేదు. అడవుల్లో జంతువు మిగలాలంటే అది అవసరమేనని నమ్ముతాను. కానీ పండుగ నాడు వేటకు వెళ్లిన కుర్రాడి మీద కేసు పెట్టడమా, ఆ ఊరి పెద్దలతో కూర్చుని పండుగను నిలబెట్టి వేటను ఆపడమా అన్న నిర్ణయం ఒక రేంజి కార్యాలయంలో జరగకూడదు. గూడెం పెద్ద మాటను చట్టసభ వినాలి, తాను ఏం చేయబోతోందో ఆ మనిషి ముఖం చూసి చెప్పాలి.

మనకు ఈ పద్ధతి పరాయిది కాదు. అటవీ హక్కుల బిల్లు 2005 డిసెంబరు 13న లోక్‌సభకు వచ్చినప్పుడు దాన్ని సంయుక్త పార్లమెంటరీ కమిటీకి పంపారు. ఆ కమిటీకి అధ్యక్షత వహించింది పార్వతీపురం నుంచి ఎన్నికైన మన తెలుగు సభ్యుడు వి. కిశోర్ చంద్రదేవ్. మొదటి బిల్లు 1980 అక్టోబరు 25 కన్నా ముందు అడవిలో ఉన్నవారికే హక్కులంది. అంటే, ఆ పాతికేళ్లలో సాగు చేసుకున్న కుటుంబాలన్నీ బయటే. కమిటీ దాన్ని 2005 డిసెంబరు 13కు మార్చమంది. షెడ్యూల్డు తెగలతో పాటు తరతరాలుగా అడవిలో బతుకుతున్న ఇతరులనూ చేర్చమంది, గ్రామసభకు పెద్దపీట వేయమంది. కమిటీ చెప్పినవన్నీ చట్టంలోకి రాలేదు గానీ, ఆ తేదీ వచ్చింది, ఆ ప్రజలు వచ్చారు, హక్కులను తేల్చే ప్రక్రియ గ్రామసభ దగ్గర మొదలయ్యేలా వచ్చింది. ఇవాళ మన ఏజెన్సీలో పట్టా చేతిలో ఉన్న ఎన్నో కుటుంబాలకు ఆ కమిటీ గదితో బంధం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్ట సవరణ బిల్లు కూడా 2021 డిసెంబరులో ప్రవేశపెట్టాక జైరాం రమేశ్ అధ్యక్షతన ఉన్న స్థాయీ సంఘానికి వెళ్లింది. మనుషులకూ అడవి జంతువులకూ మధ్య ఘర్షణను పట్టించుకోవాల్సిన అవసరాన్ని ఆ నివేదిక గట్టిగా ఎత్తిచూపింది.

రాష్ట్రాల స్థాయికి వచ్చేసరికి ఇదంతా ఆవిరైపోతుంది. బిల్లు ప్రవేశపెట్టిన రోజునో మర్నాడో ఆమోదం పొందడం మన సభల్లో మామూలైంది. కేరళ 1980 నుంచి విషయాల వారీ కమిటీలు పెట్టుకుని బిల్లులను వాటి ముందుకు పంపుతోంది. మన దగ్గర సెలెక్ట్ కమిటీ పేరు ఇంటింటా వినిపించింది 2020 జనవరిలో. మూడు రాజధానుల కోసం తెచ్చిన ఆంధ్రప్రదేశ్ పాలన వికేంద్రీకరణ బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు 22వ తేదీన మండలి అధ్యక్షుడు ప్రకటించారు. ఆ కమిటీ ఏర్పడనే లేదు. 27వ తేదీన మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది, తర్వాతి ఏడాది ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. ఆ రాజధాని తగాదాలో ఎవరిది ఒప్పు అన్న జోలికి నేను పోను. ఇరుపక్షాలకూ ఒక మాట చెబుతాను: కమిటీ అంటే బిల్లును ఆపే గేటు అని ఒకరూ, కమిటీ అంటే ఎదుటివాణ్ని నిలదీసే ఆయుధం అని ఇంకొకరూ అనుకున్నంత కాలం, అందులో కూర్చుని మాట్లాడాల్సిన రైతుకు అక్కడ కుర్చీ దొరకదు.

అందువల్ల నా వినతి ఇది. వచ్చే సమావేశాల్లో రెండు రాష్ట్రాల్లోనూ పంట నష్టం, వన్యప్రాణులు, స్థానిక సంస్థల అధికారం అనే అంశం మీద సభా సంఘం వేయండి. అది హైదరాబాదులో, అమరావతిలో కూర్చుంటే చాలదు. అచ్చంపేటలో, ఉట్నూరులో, పాడేరులో, పలమనేరులో కూర్చోవాలి. గ్రామసభలు తీర్మానాలు పంపితే వాటిని సాక్ష్యంగా స్వీకరించాలి, ఫైల్లో కుట్టి పక్కన పెట్టకూడదు. సాక్షులు తెలుగులో, గోండిలో, కువిలో, వాళ్ల వాళ్ల భాషల్లో మాట్లాడితే దుబాసీని పెట్టాలి. పలికిన ప్రతి మాటా తెలుగులో అచ్చు వేసి అందరికీ అందుబాటులో ఉంచాలి. అనుమతి ఎవరు ఇవ్వాలి, ఎన్ని రోజులకు, ఏ పద్ధతిలో చంపవచ్చు, కుక్కలను, ఉచ్చులను, తీగలను ఎలా నిలిపివేయాలి, సర్పంచు లేని రోజుల్లో ఎవరు బాధ్యులు, నష్టపరిహారం ఎన్నాళ్లలో అందాలి, ఇవన్నీ ఆ గదిలో తేలాలి. అడవులూ వన్యప్రాణులూ ఉమ్మడి జాబితాలో ఉన్నాయి కాబట్టి రాష్ట్రం చేతులు కట్టేసి లేవు. ఏది సవరించాలో తేలితే సవరణ బిల్లు తేవచ్చు, రాష్ట్రపతి ఆమోదానికి పంపవచ్చు.

అధికార పక్షానికి ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. స్కాట్లండ్‌లో ప్రభుత్వం తన బిల్లును నెగ్గించుకుంది, మంచి మెజారిటీతో. ప్రతిపక్షానికి కూడా ఇందులో గోల చేసి బయటికి వెళ్లిపోవడం కన్నా మంచి పని ఉంది. ఒక రైతును, ఒక చెంచు పెద్దను, ఒక బీటు అధికారిని సాక్షిగా పిలిపించే హక్కు మీకు దొరుకుతుంది. ఆ ముగ్గురూ ఒకే రోజు, ఒకే గదిలో, ఒకరి మాట ఒకరు వింటూ మాట్లాడాలి. ఆ అవకాశం ఇప్పటిదాకా వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు.

సంఘం వేసిన రోజు ఉత్తరాలు పంపాల్సిన చిరునామా పత్రికల్లో ప్రకటించండి. రబీ పంట చేలో ఉన్నప్పుడే ప్రకటించండి. చీరల కంచె కట్టుకున్న ప్రతి ఊరి నుంచీ మీకు ఉత్తరం వస్తుంది. చదవడానికి తగినంతమంది సిబ్బందిని కూడా పెట్టుకోండి.

ఇట్లు,
నల్గొండ జిల్లా రైతు కుటుంబంలో పుట్టి, స్కాట్లండ్‌లో నివసిస్తున్న ఒక తెలుగువాడు